చెక్ ఇంజన్ దీపం

మూడు వారాలుగా మా పాత కారులో చెక్ ఇంజన్ దీపం వెలుగుతూనే ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో పొగ పరీక్షలు 2020లో ఎత్తేశారు కనక అడిగే నాథుడు లేడు. పెట్రోలు త్వరగా అయిపోతుంటే అప్పుడు కోడ్ రీడర్ పెట్టి చూశాను. పి0135. ముందరి ఆక్సిజన్ సెన్సర్‌లో హీటర్ పోయింది.

దాని కొసన ఉండే జిర్కోనియా పింగాణీ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేగానీ పనిచెయ్యదు. పొగలో ఆక్సిజన్ తగ్గితే 0.9 వోల్టు, పెరిగితే 0.1 వోల్టు. దాన్నిబట్టే కంప్యూటర్ పెట్రోలు కొలుస్తుంది. ఆ లెక్క తప్పితే మండని పెట్రోలు వెళ్ళి కెటలిటిక్ కన్వర్టర్‌ని తినేస్తుంది. అది వేలల్లో పని!

శనివారం, బాతెల్‌లో మామూలే, తుంపర. తుప్పు వదిలే నూనె రాత్రే కొట్టి ఉంచాను. వైరు పట్టేలా గాడి ఉన్న 22 మిల్లీమీటర్ల సాకెట్ విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చాను. ఎంత లాగినా కదల్లేదు. మరలు ఊడొస్తే మానిఫోల్డే మార్చాలి. "వదిలెయ్యండి, మెకానిక్కి ఇద్దాం" అంది మా ఆవిడ గరాజ్ తలుపు దగ్గర్నుంచి. ఇంజన్ కాసేపు నడిపి, గోరువెచ్చగా ఉండగా మళ్ళీ పట్టాను. కీచుమని తిరిగింది. మరలు బాగానే ఉన్నాయి.

కొత్తది ముందు చేత్తోనే బిగించాను. కోడ్ చెరిపేశాను.

సోమవారం 405 మీద వెళ్తున్నంతసేపూ దీపం వైపే చూశాను. వెలగలేదు. సాకెట్ ఇంకా తిరిగివ్వలేదు.