శతకోటీశ్వరులూ, చిల్లుల వలా

కుబేరులపై పన్ను వేయాలనగానే రెండు మాటలు తప్పక వినబడతాయి. ఆ పన్నుతో వచ్చేది అత్యల్పమని ఒకటి, వచ్చినదంతా ప్రభుత్వం దుబారా చేస్తుందని మరొకటి. మొదటి మాటకు మన దేశపు సంపద పన్నునే సాక్ష్యంగా చూపుతారు. ఆ సాక్ష్యాన్ని కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

నికొలస్ కాల్డర్ సిఫార్సు మేరకు 1957లో మొదలైన ఈ పన్ను 2015 బడ్జెట్‌తో రద్దయింది. 2013-14లో దేశమంతటా వసూలైనది 1,008 కోట్ల రూపాయలేననీ, వసూలు ఖర్చెక్కువ, రాబడి తక్కువ అనీ ఆనాటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ కారణం చెప్పారు. అంకె నిజమే. మరి అంత తక్కువ ఎందుకు వచ్చింది? 1993 నుంచి కంపెనీల వాటాలు ఆ పన్ను పరిధిలోనే లేవు! ఉత్పాదక పెట్టుబడికి ఊతమివ్వాలని వాటిని మినహాయించి, నగలు, కార్లు, పట్టణ స్థలాలు, విలాస నౌకల వంటి వాటిని మాత్రం మిగిల్చారు. శతకోటీశ్వరుల సంపదలో సింహభాగం వాటాలే కదా. పెద్ద చేపలు దాటిపోయేంత చిల్లులున్న వల వేసి, ఈ చెరువులో చేపలే లేవని తీర్మానించినట్లయింది.

దాని స్థానంలో కోటి రూపాయలు దాటిన ఆదాయంపై అదనంగా 2 శాతం సర్‌ఛార్జి విధించారు. 9,000 కోట్లు వస్తాయని అంచనా. చూడడానికి లాభసాటి బేరమే. కానీ ఇందులో రెండు మెలికలున్నాయి.

మొదటిది, సర్‌ఛార్జి ఆదాయానికే వర్తిస్తుంది. అమ్మకుండా అట్టిపెట్టుకున్న వాటాల విలువ ఎన్ని రెట్లు పెరిగినా చట్టం దృష్టిలో అది ఆదాయం కాదు. పెద్ద జీతగాడు పూర్తిగా దొరుకుతాడు, కుబేరుడు దొరకడు. పైగా ఆ సర్‌ఛార్జి గరిష్ఠ రేటును కూడా 2023 బడ్జెట్, కొత్త పన్ను విధానంలో, 37 నుంచి 25 శాతానికి దించింది.

రెండవది ఇంకా ముఖ్యం. రాజ్యాంగం ప్రకారం సర్‌ఛార్జి సొమ్ములో రాష్ట్రాలకు వాటా లేదు. సంపద పన్ను రాబడిలో ఉండేది. బడులనూ, ఆసుపత్రులనూ ప్రధానంగా నడిపేది రాష్ట్రాలే. అంటే పన్ను పేరు మారడంతో ఆ సొమ్ము ఖర్చయ్యే చోటు కూడా మారిపోయింది. హైదరాబాదులోనో, అమరావతిలోనో కూర్చున్న ఆర్థిక మంత్రికి దానిపై హక్కు లేదు.

ఇక దుబారా మాట. అది లేదని ఎవరంటారు? కాగ్ నివేదికలు చెబుతూనే ఉన్నాయి. కానీ దుబారాకు మందు తనిఖీ, పన్ను మినహాయింపు కాదు. సబ్బుబిళ్ళ కొన్న కూలీ కట్టే జీఎస్టీ దుబారా అవుతుందని, ఆ పన్ను ఎత్తివేయమని ఎవరూ వాదించరేం?

పన్ను రేటు హద్దు మీరితే ఎగవేత పెరుగుతుందన్నది కాదనలేని మాట. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 97.75 శాతానికి చేరినప్పటి అనుభవం మనకుంది. కానీ 2024లో జి-20 దేశాల ముందు గేబ్రియల్ జుక్మన్ ఉంచిన ప్రతిపాదన శతకోటీశ్వరులు ఏటా తమ సంపదలో కనీసం 2 శాతం కట్టాలన్నదే. మార్కెట్లో నమోదైన వాటాల విలువ రోజూ పత్రికలలో అచ్చవుతూనే ఉంటుంది. లెక్కకట్టడం అసాధ్యమేమీ కాదు.

సంపద పన్నును తిరిగి తేదలిస్తే వాటాలను వదలకూడదు, రాష్ట్రాలకు పంచకుండా ఉండకూడదు. ఈ రెండూ లేకుంటే అది మళ్ళీ చిల్లుల వలే.