గేరు మార్చాలా, కాలు మార్చుకోవాలా?

ఈ సెలవుల్లో చీరాలలో మా ఇంట్లో ఒక గొడవ జరిగింది. మొదలుపెట్టింది నేనే, ఓడిపోయిందీ నేనే. ఓడిపోయాక ఆలోచిస్తే ఓడిపోవడమే కరెక్ట్ అనిపించింది. అందుకే ఇది రాస్తున్నా.

గొడవ మా తాతయ్య బుల్లెట్ గురించి. 1980ల నాటి బండి. జాండ్రపేటలో మగ్గాలకి నూలు కట్టలు మోసిన బండి. దానికి గేరు కుడికాలి దగ్గర ఉంటుంది, బ్రేకు ఎడమకాలి దగ్గర. అంతేనా అంటే కాదు, ఫస్ట్ గేరుకి పైకి లేపాలి, మిగతా మూడింటికీ కిందకి తొక్కాలి. మన హాస్టల్ ముందు ఆగే పల్సర్లు, ఎఫ్‌జెడ్‌లు అన్నీ దీనికి పూర్తిగా రివర్స్. ఎడమకాలితో ఫస్ట్ కిందకి, మిగతావి పైకి. నేను నేర్చుకున్నది ఇదే. నా కాలికి తెలిసిన ఒకే ఒక్క భాష ఇది.

ఒకరోజు సాయంత్రం తాతయ్యని అడిగి బుల్లెట్ తీసుకుని వాడరేవు రోడ్డు ఎక్కాను. అంతా బాగానే ఉంది, ఒక గేదె రోడ్డు దాటాలని డిసైడ్ అయ్యేదాకా. నా కుడికాలు నన్ను అడక్కుండానే గట్టిగా తొక్కేసింది. అది బ్రేకు కాదు కదా. థర్డ్‌లో ఉన్న బండి ఫోర్త్‌కి పోయింది. ముందు బ్రేకు పిండితే ఎలాగో ఆగింది. గేదె నా వైపు ఒకసారి చూసి దాని దారిన అది పోయింది. నా కాళ్లు మాత్రం ఇంటికి వచ్చేదాకా వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడే మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్లాను. "గేరు ప్యాటర్న్ తిప్పేయొచ్చా?" అని అడిగా. ఆయన నవ్వి, "దానిదేముంది బాబూ, లోపల గేర్లు ముట్టుకోనక్కర్లేదు" అన్నారు. నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చూపించారు. గేరు లివర్ ఒక షాఫ్ట్ మీద బిగించి ఉంటుంది. పెడల్ ఆ షాఫ్ట్‌కి ముందు వైపు ఉంది కాబట్టి కిందకి తొక్కితే షాఫ్ట్ ఒక వైపు తిరుగుతుంది. అదే లివర్‌ని విప్పి వెనక్కి చూసేలా బిగిస్తే, కిందకి తొక్కినప్పుడు షాఫ్ట్ రెండో వైపు తిరుగుతుంది. త్రాసులో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు. అంతే, ప్యాటర్న్ రివర్స్! కాలు పెట్టే రాడ్డు కూడా వెనక్కి జరపాలి, న్యూట్రల్ లివర్ అడ్డురాకుండా చూసుకోవాలి. రేసు బండ్లకి కూడా ప్యాటర్న్ తిప్పుకుంటారట. స్పీడ్‌లో గేరు పెంచడానికి పైకి లేపడం కంటే కిందకి తొక్కడం ఈజీ కాబట్టి.

నాకు భలే నచ్చింది. సీఎస్ఈ వాడిని కదా, ఒక్క నాట్ ఆపరేటర్ పెడితే బగ్ ఫిక్స్ అయిపోయినట్టు ఫీలయ్యా. ఇంటికొచ్చి తాతయ్యకి చెప్పా.

ఆయన ఒకటే అడిగారు. "ఏరా, గుంట మగ్గంలో కూర్చున్నవాడు కాళ్ల వంక చూసుకుంటూ నేస్తాడా?"

తాతయ్య కుర్రతనంలో నేత నేసినవాడే. చేతులు నాడె విసురుతుంటే కింద గుంటలో కాళ్లు వాటంతటవే తొక్కుకుంటూ పోవాలి. "రాత్రికి రాత్రి కాళ్ల కింద చెక్కలు అటుదిటు మార్చి, పొద్దున్నే నన్ను కూర్చోబెడితే ఏమవుద్ది? చీర చెడుద్ది. రోడ్డు మీదయితే చెడేది చీర కాదు."

అప్పుడు తట్టింది నాకు. ఆయన ఇంకా ఆ బండి నడుపుతారు. రోజూ పొద్దున్నే పేరాల దాకా వెళ్లి వస్తారు. నేను సెలవులకి వచ్చి పది రోజులు నడిపి పోతాను. ఆ పది రోజుల కోసం, నలభై ఏళ్లుగా నేర్చుకున్న కాలిని తప్పు చేయబోయాను. థర్డ్ నుంచి సెకండ్‌కి దిగాలని ఆయన వేలు పైకి లేపితే బండి ఫోర్త్‌కి పోతుంది. సెకండ్ నుంచి థర్డ్ అనుకుని తొక్కితే ఫస్ట్‌లో పడి ఇంజన్ అరుస్తుంది. మీ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో చెప్పకుండా కంట్రోల్, షిఫ్ట్ కీలు తారుమారు చేసి ల్యాబ్ ఎగ్జామ్‌కి పంపితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇక్కడ అన్‌డూ కూడా లేదు.

ఇంకో విషయం తర్వాత గేరు బొమ్మ వేసుకుంటే అర్థమైంది. నేను అడిగిన పని నాకు కూడా సేఫ్ కాదు. గేదె ముందు నా కాలు తప్పుగా తొక్కినప్పుడు బండి పై గేరుకి పోయింది. ఆగలేదు, కానీ కుదుపూ లేదు. ప్యాటర్న్ మాత్రమే తిప్పి, గేరుని కుడివైపే ఉంచితే? అదే తప్పు తొక్కుకి బండి కింది గేరుకి దిగుతుంది. క్లచ్ వదలగానే వెనక చక్రం పట్టేసి జారిపోవచ్చు. అంటే నా అసలు ప్రాబ్లమ్ ప్యాటర్న్ కాదు, బ్రేకు ఎటుందన్నది. నేను తిప్పమన్నది తప్పు వేరియబుల్‌ని!

అసలు ఈ ప్యాటర్న్ ఎవరి పిచ్చి ఐడియానో కాదు. బర్మింగ్‌హామ్‌లోని ఆల్బియన్ కంపెనీ గేర్‌బాక్స్ అది. ఇంగ్లండ్‌లో రెడిచ్‌లో తయారైన బుల్లెట్‌తో పాటు 1955లో మద్రాసు వచ్చింది. అప్పట్లో బ్రిటిష్ బండ్లకి కుడికాలి గేరే మామూలు. అమెరికా 1974 సెప్టెంబర్ నుంచి కొత్త బండ్లకి గేరు ఎడమవైపే ఉండాలని, పైకి లేపితే పై గేరు పడాలని రూల్ పెట్టింది. దాంతో నార్టన్ లాంటి కంపెనీలు 1975 కల్లా గేరుని అటు నుంచి ఇటు మార్చాయి. మన బుల్లెట్ మాత్రం 2000 తర్వాతే ఎడమవైపుకి వచ్చింది.

ఇక్కడ ఎవరైనా "రూల్ మంచిదే కదా?" అని అడగొచ్చు. మంచిదే. అన్ని బండ్లకీ ఒకే పద్ధతి ఉంటే ఒకటి నేర్చుకున్నవాడు ఇంకోటి నడపగలడు. కానీ ఆ రూల్ కొత్తగా తయారయ్యే బండ్లకి పెట్టారు. ఇళ్లల్లో ఉన్న పాత బండ్లని తెచ్చి మార్చమనలేదు. ఆ తేడా నాకు చాలా ముఖ్యమనిపిస్తోంది. పైగా ఇప్పటికీ అంతా ఒకటే కాదు. మా నాన్న స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకి తొక్కడమే. దాన్ని నేను ఒక్క పూటలో నేర్చుకున్నా. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. బుల్లెట్ దగ్గరే నాకు ఎందుకు పౌరుషం వచ్చిందో!

కాబట్టి నా ఒపీనియన్ ఇది. పాత బండిని అస్సలు ముట్టుకోకూడదు, అది గుడిలో విగ్రహం అని నేను అనను. కొని, ఒక్కరే నడుపుకునేవాళ్లు హాయిగా మార్చుకోవచ్చు. అయితే సగం సగం వద్దు. గేరుతో పాటు బ్రేకు కూడా అటు నుంచి ఇటు మార్పించుకోండి, ఖర్చు ఎక్కువైనా సరే. కానీ ఆ బండిని అలాగే అలవాటు చేసుకున్న మనిషి ఇంట్లో ఉండి, ఇంకా నడుపుతుంటే, నేర్చుకోవాల్సింది కొత్తగా వచ్చినవాడే. పందొమ్మిదేళ్ల కాలు వారంలో నేర్చుకుంటుంది. డెబ్భై దాటిన కాలిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోమనడం న్యాయం కాదు.

ఆ మిగిలిన సెలవులంతా పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేశా. తాతయ్య గట్టు మీద కూర్చుని, "లేపు... ఇప్పుడు తొక్కు... బ్రేకు ఎడమ, ఎడమరా!" అని అరిచేవారు. మొదటి రోజు పదకొండుసార్లు ఇంజన్ ఆపేశా, ఆయన లెక్కపెట్టారు. ఐదో రోజుకి కాళ్ల వంక చూడటం మానేశా. గేదెలున్న రోడ్డు మాత్రం ఇంకా ఎక్కలేదు.

మీలో ఎవరికైనా ఆ బండి నడపాలనుంటే చీరాల రండి. కాకపోతే ముందు గ్రౌండ్‌లో ఒక గంట, తాతయ్య ముందు. ఆయన ఓకే అంటేనే తాళం.