గింజకున్న లెక్క రూపాయికి ఉండవలదా?

గాదెలు, పాతరలు నిండిన రోజులలో తెలుగు రైతునకు లెక్క తెలియదని ఎవరును అనలేదు. ధాన్యము ఇంటికి చేరిన నాడే విత్తనమునకు ఇంత, ఏడాది తిండికి ఇంత, కూలికి ఇంత, అమ్మకమునకు ఇంత అని వేరు చేసెడివారు. ఇంటి ఇల్లాలు నెలకు ఎన్ని కుంచములు దంపించవలెనో ముందుగనే ఎరిగియుండెడిది. ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజ జోలికి పోయెడివారు కారు. నేడు వరికోత యంత్రము వచ్చినది. ధాన్యము కళ్ళము నుండియే లారీ ఎక్కుచున్నది. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుచున్నది. గాదె పోయినది. గాదెతో పాటు ఆ లెక్కయు పోయినది. గింజకు ఉండిన పద్దు రూపాయికి లేకపోవుటయే మన ఇండ్లలో అప్పు తరుగకపోవుటకు గల కారణములలో ఒకటి అని నా అభిప్రాయము.

ఒకటి అంటిని గాని అంతయు అదియే అనలేదు. రైతు అప్పును గురించి రెండు మాటలు వినబడుచుండును. పెండ్లిండ్లకు, పండుగలకు దుబారా చేసి రైతు చెడుచున్నాడని కొందరు అందురు. వాన, ధర రెండును చేతిలో లేనప్పుడు రైతు చేయగలిగినది ఏమియు లేదని మరికొందరు అందురు. మొదటి మాట అన్యాయము. ధర పడిపోయిన ఏట ఎంత పొదుపు చేసినను నష్టము నష్టమే. రెండవ మాట నిరాశ. చేతిలో లేనివి రెండు ఉండవచ్చును. చేతిలో ఉన్నవి కూడ కొన్ని కలవు. వానిని గురించియే ఈ నాలుగు మాటలు.

ముందు మన స్థితి చూతము. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశములో వ్యవసాయ కుటుంబములలో నూటికి 50.2 అప్పులో ఉన్నవి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య నూటికి 93.2, తెలంగాణలో 91.7. ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక్కొక్క వ్యవసాయ కుటుంబముపై ఉన్న అప్పు 2,45,554 రూపాయలు. దేశమంతట తీసికొనిన అప్పులో సుమారు నూటికి 57 వంతులు మాత్రమే వ్యవసాయమునకు తెచ్చినవని ఆ సర్వేయే తెలిపినది. మిగిలినది ఇంటి ఖర్చు, చదువు, వైద్యము, పెండ్లి, ఇల్లు మొదలగు వాని కొరకు తెచ్చినది. కావున పొలము లెక్క ఒక్కటి చూచుకొనిన చాలదు. ఇంటి లెక్కయు చూచుకొనవలెను.

వడ్డీని రూపాయలలో చూడుడు

మన ఊళ్ళలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొందుము. “రెండు రూపాయల వడ్డీ” అనగా చెవికి చిన్నదిగనే వినబడును. కాని ఏడాదికి అది నూటికి 24 రూపాయలు. బ్యాంకు పంట ఋణము, సకాలములో కట్టినచో, 3 లక్షల వరకు నూటికి ఏడాదికి 4 రూపాయలే. ఊరి భాషలో చెప్పవలెనన్న నెలకు నూటికి 33 పైసలు. ఈ రెండింటికి ఆరు రెట్లు భేదము. రెండింటిని ఒకే కాగితముపై ప్రక్క ప్రక్కన వ్రాసి చూచినగాని ఈ భేదము మనసునకు పట్టదు.

నోటు తిరగవ్రాయు అలవాటు మరింత ప్రమాదకరమైనది. కాలపరిమితి చట్టము ప్రకారము ప్రామిసరీ నోటుకు మూడేండ్లు గడువు. గడువు దగ్గర పడగానే వడ్డీని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొందురు. 60,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏమియు కట్టనిచో మూడేండ్లకు వడ్డీ 43,200. నోటు 1,03,200 అగును. మరి మూడేండ్లకు ఆ నోటు 1,77,504. ఆరేండ్లలో అప్పు దాదాపు మూడింతలైనది; ఇంటిలోనికి మాత్రము మొదటి 60,000 తప్ప ఒక్క రూపాయియు రాలేదు.

వడ్డీ కట్టుచున్నాము గదా యని తృప్తి పడువారు కూడ కలరు. ఈ అప్పునకు నెలకు 1,200 వడ్డీ. ఆ 1,200 మాత్రమే కట్టుచు పోయినచో పదేండ్లయినను అసలు 60,000 అట్లే ఉండును. అప్పును తీర్చునది వడ్డీపైన కట్టు సొమ్ము. నెలకు 1,500 కట్టినచో మొదటి నెల 300 మాత్రమే అసలునకు పోవును. అప్పు తీరుటకు 82 నెలలు, అనగా దాదాపు ఏడేండ్లు పట్టును. మొత్తము కట్టునది సుమారు 1,21,900. నెలకు 2,000 కట్టినచో 47 నెలలు. మొత్తము సుమారు 92,500. నెలకు 3,000 కట్టినచో 26 నెలలు. మొత్తము సుమారు 77,400. 1,500ను 2,000 చేసినందున, అనగా నెలకు అదనముగ వేసిన ఐదువందల వలన, దాదాపు మూడేండ్ల భారము తగ్గినది. చిన్న మొత్తమని తీసివేయరాదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

నెల జీతము లేనివానికి నెలసరి లెక్క

“మాకు నెల జీతమా, నెలసరి లెక్క వ్రాయుటకు?” అని రైతులు అడుగుదురు. సరియైన ప్రశ్నయే. పంట సొమ్ము ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చును. కాని ఖర్చు ప్రతి నెల ఉండును. రాబడికి నెల లేనందుననే ఖర్చునకు నెల పెట్టుకొనవలెను.

ఉదాహరణకు మూడెకరముల మాగాణి, రెండు పాడి గేదెలు ఉన్న ఒక కుటుంబమును తీసికొందము. సాగు ఖర్చులు, పంట ఋణము పోగా రెండు పంటలపై ఏడాదికి 84,000 మిగిలినదనుకొందము. దానిని పన్నెండుచే భాగించిన నెలకు 7,000. దాణా ఖర్చులు పోగా పాలపై సగటున నెలకు 5,000. మొత్తము 12,000. వెచ్చములకు 4,000, పిల్లల చదువునకు 1,500, మందులకు 800, కరెంటు, గ్యాసు, ఫోనులకు 1,200, పెట్రోలు, ప్రయాణములకు 1,000, పండుగలకు, చదివింపులకు 1,000, వెరసి 9,500. మిగులు 2,500. ఇందులో 500 ఆపదకని వేరుగ ఉంచి, 2,000 అప్పునకు కట్టవచ్చును. మీ ఇంటి అంకెలు వేరుగ ఉండవచ్చును. వరుస మాత్రము ఇదియే.

పంట సొమ్ము చేతికి రాగానే అంతయు అప్పులవానికి ఇచ్చివేసినచో వడ్డీ తగ్గును గదా అని అడుగవచ్చును. లెక్కకు అది నిజమే. కాని ఆషాఢము వచ్చునప్పటికి ఇంటిలో వెచ్చములకు లేక, పిల్లల ఫీజులకు లేక, మరల ఆ గడపకే పోవలసివచ్చును. ఈసారి మూడు రూపాయల వడ్డీ అడుగవచ్చును. తీర్చితిమనుకొనిన అప్పు తిరిగి మొలచును. కావున ఇంటి ఖర్చునకు కావలసినది విత్తనపు గింజవలె ముందు వేరు చేసి బ్యాంకు ఖాతాలో ఉంచవలెను. ఏ నెలది ఆ నెలలోనే తీయవలెను. అటుపై పంట సొమ్ములో అప్పునకని తేలిన భాగమును ఆ వారములోనే కట్టివేయవలెను. పాల సొమ్ములోనిది నెలనెల కట్టవలెను. చేతిలో ఊరక ఉన్న సొమ్మునకు ఖర్చు వెదకుకొనుచు వచ్చును.

ఏ అప్పు ముందు?

ఎక్కువగ అడుగువానికి ముందు కట్టుట మన అలవాటు. ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును ముందు తీర్చుట న్యాయమైన పద్ధతి. అయితే పంట ఋణము గడువు మాత్రము ఎన్నడును తప్పరాదు. గడువు తప్పిన నూటికి 3 రూపాయల ప్రోత్సాహకము పోవును. 80,000 ఋణముపై అది ఏడాదికి 2,400 రూపాయలు. ఋణమాఫీ వచ్చునేమో అని కట్టక ఎదురుచూచువారు ఈ లెక్కను గమనింపవలెను. 1938 నాటి మద్రాసు రైతు ఋణ విమోచన చట్టము మొదలు 2008 నాటి కేంద్ర ఋణమాఫీ వరకు, 2014లో రెండు తెలుగు రాష్ట్రముల మాఫీ, 2024లో తెలంగాణ మాఫీ వరకు ప్రభుత్వములు ఎన్నియో చేసినవి. అవి కష్టములో ఆదుకొనినవి. కాని ఇటీవలి మాఫీలన్నియు బ్యాంకుల, సహకార సంఘముల ఋణములకే వర్తించినవి. ఊరిలో వ్రాసిన నోటును ఆ ఇటీవలి మాఫీలేవియు చింపివేయలేదు. దానిని మనమే తీర్చవలెను.

ఇంటిలో బంగారము ఉన్నచో దానిపై బ్యాంకు ఋణము తెచ్చి నోటును తీర్చుట మంచిదా? వడ్డీ ఏడాదికి నూటికి 9 అనుకొనినచో, నెలకు అవే 3,000 కట్టినను 26 నెలలకు బదులు 22 నెలలలో తీరును. సుమారు 12,000 మిగులును. అయితే నోటు చింపిన తరువాత మరల క్రొత్త నోటు వ్రాయమను నిశ్చయము ఉన్నప్పుడే ఈ పని చేయవలెను. లేనిచో ఒక అప్పునకు రెండు అప్పులగును. ఒక డ్వాక్రా సంఘము సొమ్ముతో మరియొక వారపు కిస్తు కట్టుట కూడ ఇట్టిదే.

అప్పులవాడు అసలును కొంచెము కొంచెముగ తీసికొననన్నచో, ఆ సొమ్మును బ్యాంకులోగాని పోస్టాఫీసులోగాని రికరింగు డిపాజిట్‌గ వేసి, పది పదిహేను వేలు కాగానే తీసికొనిపోవలెను. కట్టిన ప్రతిసారి నోటు వెనుక చెల్లు వ్రాయించి, తేదీ వేయించి, సంతకము తీసికొనవలెను. నోటి మాటపై కట్టిన సొమ్మునకు సాక్ష్యముండదు. పూర్తిగ తీరిన నాడు నోటును వెనుకకు తీసికొనుట మరువరాదు.

లెక్క ఇద్దరిది

ఒక ముఖ్యమైన మాట. మన ఇండ్లలో అప్పు ఎంత ఉన్నదో మగవానికి తెలియును. ఖర్చు ఎంత అగుచున్నదో ఇల్లాలికి తెలియును. ఇద్దరి లెక్కలు ఒకచోట కలియవు. భార్యకు చెప్పిన బాధపడునని దాచి, ఆ భారమును ఒంటరిగ మోయలేక ప్రాణములు తీసికొనిన రైతులు కలరు. ఏ అప్పును మనిషి ప్రాణమంత పెద్దది కాదు. ఒక రాత్రి దీపము ముందు కూర్చుండి ఇద్దరును ఉన్న అప్పులన్నిటిని ఒక కాగితముపై వ్రాయుడు: ఎవరికి, ఎంత, ఏ వడ్డీ, ఏ తేదీ. వ్రాసిన తరువాత అప్పు తగ్గదు. దానికి ఒక హద్దు కనబడును. సంఘములో నెలనెల పొదుపు వ్రాయుటకు అలవాటుపడిన స్త్రీలు ఈ పుస్తకమును మగవారికంటె చక్కగ నడుపగలరు. బడికి పోవు పిల్లవానిచే కూడికలు వేయించుడు. వానికిని ఇది పాఠమే.

గ్రామాధికారులకు ఒక మనవి. కౌలురైతులలో అనేకులు పంట ఋణము అందకనే రెండు, మూడు రూపాయల వడ్డీకి పోవుచున్నారు. వారికి ఇంటి లెక్క వ్రాయుమని బోధించుట మాత్రమే చాలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టము ప్రకారము పంట సాగుదారు హక్కు పత్రము అదను దాటకముందే చేతికి అందవలెను. పంట ఋణము గడువు తేదీలను గ్రామ సభలో చదివి వినిపించుటయు, పంటల బీమా గడువును ముందుగ తెలుపుటయు ఖర్చు లేని పనులు. వాని వలన అనేక కుటుంబములకు వడ్డీ మిగులును.

ధర పెంచుట, వాన కురియించుట ఈ పుస్తకము వలన కాదు. ధర వచ్చిన ఏట ఆ సొమ్ము ఎటు పోయినదో తెలియకుండ పోకుండుట మాత్రము దీని వలన అగును. రాబోవు పంట అమ్మిన నాడు, సంచులు లెక్కించినట్లే రూపాయలను కూడ లెక్కించి, తిండికి ఇంత, చదువునకు ఇంత, ఆపదకు ఇంత, అప్పునకు ఇంత అని వేరు చేయుడు. అప్పునకని తీసిన భాగమును విత్తనపు గింజగ చూడుడు. దానిని తినకుండ కాచుకొనిన ఇంటికి పంట తప్పదు.