విహారనౌకలపై నుద్యోగము



కొన్ని మాసములుగా నీ పుటలయందు మన బాలికలు చేపట్టదగిన వృత్తులను గూర్చి ముచ్చటించుకొనుచున్నాము. ఉపాధ్యాయినులు, వైద్యులు, దాదులు, కార్యాలయములలో లెక్కలు వ్రాయువారు, వీరిని గూర్చి మనకు గొంత తెలియును. ఈ మాసమున మనలో బెక్కండ్రు పేరైన వినని యొక వృత్తిని గూర్చి వ్రాయదలచితిమి. ధనవంతులు సముద్రముపై విహరించుటకై కట్టించుకొను నౌకలను యాట్లందురు. సొంతనౌక లేనివారు వారమునకింత యని యద్దె యిచ్చి వానిని గైకొని దీవినుండి దీవికి దిరుగుచుందురు. అట్టి నౌకలను నడపుటకును, అతిథులకు వండి వడ్డించుటకును, గదులు సవరించుటకును జీతమునకు గుదిరిన స్త్రీపురుషులు వేలకొలది కలరు.

ఇది మనకేల యని యెవరైన నడుగవచ్చును. మా వీధియందొక యిల్లాలి కుమార్తె హోటలు నిర్వహణ విద్యలో బట్టము పుచ్చుకొన్నది. ఆమెకు యాటుపై నుద్యోగ మిప్పింతునని యొక మధ్యవర్తి రెండు లక్షల రూపాయలు ముందుగా గోరెను. తండ్రి వలదనెను. కూతురు పోయెదననెను. తల్లి మాయొద్దకు వచ్చి, "అక్కయ్యగారూ! మాస్టరుగారితో గూడ ఆలోచించి చెప్పండి. ఆ పని మర్యాదైనదేనా? ఆ డబ్బు కట్టవచ్చునా?" యని యడిగెను. ఈ రెండును వేఱువేఱు ప్రశ్నలు. మొదటిదానికి దొందరపడి కాదనుటయు, రెండవదానికి దొందరపడి యవుననుటయు మన యిండ్లలో దఱచుగా జరుగుచున్నవి. కావున రెంటిని విడదీసి విచారింతము.

మొదట నీ నౌకల సంగతి తెలిసికొనవలెను. యాటు అను మాట డచ్చివారి భాషనుండి వచ్చినది. వేటాడుట, తఱుముట యని దాని మూలార్థము. వడిగా బోవు చిన్న యోడల కా పేరు చెల్లెను. 1660 సంవత్సరమున ఆంస్టర్‌డాం నగరమువారు ఇంగ్లండురాజగు రెండవ చార్లెసునకు 'మేరీ' యను నట్టి నౌక నొకదానిని గానుకగా నిచ్చిరి. నాటినుండి యా విలాసము ఆంగ్లేయులలో వ్యాపించెను. అప్పుడు రాజులకు మాత్రమే చెల్లిన వేడుక యిప్పుడు రొక్కము గలవారికెల్ల నద్దెకు దొరకుచున్నది.

అద్దె రెండు విధములు. ఓడ నడపుట తెలిసినవారు వట్టి నౌకను మాత్రము గైకొని, చుక్కాని తామే పట్టుకొందురు. గ్రీసు, క్రొయేషియా దేశముల దీవులయం దీ పద్ధతి మిక్కిలి వాడుకలో నున్నది. రెండవ విధమున నౌకతోపాటు కెప్టెను మొదలు వంటవారి వఱకు పనివారందఱును వత్తురు. ఇందు అద్దె గాక, ఇంధనమునకును, భోజనపదార్థములకును, రేవు సుంకములకును అద్దెపై సాధారణముగా నూటికి 25 మొదలు 35 వంతుల సొమ్ము ముందుగా గట్టవలెను. కెప్టెను పైసాతో సహా పద్దు వ్రాసి, మిగిలినది యాత్రాంతమున దిరిగి యప్పగించును. పనివారికి సంతోషముగా నిచ్చు బహుమతి వేఱు. మధ్యధరాసముద్ర ప్రాంతమున నది అద్దెలో నూటికి 5 మొదలు 15 వంతుల వఱకు నుండుట యాచారము. ఇది యాచారమే కాని హక్కు గాదు. దానిని జీతములో గలిపి చెప్పి యాశపెట్టువారి మాట నమ్మరాదు.

వేసవియందు ఈ నౌకలు మధ్యధరాసముద్రమున దిరుగును. ఫ్రాన్సుదేశపు ఆంటీబ్, స్పెయినుదేశపు పాల్మా రేవులు వీనికి బుట్టినిండ్ల వంటివి. చలికాలమున బెక్కు నౌకలు అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, అంటిగ్వా మొదలగు కరిబియన్ దీవులకు బోవును.

నౌకలో బనులు నాలుగు తెగలు. కెప్టెనును అతని సహాయులును నౌకను నడపుదురు. ఇంజనీర్లు యంత్రములను జూతురు. డెక్కు పనివారు లంగరు వేయుట, త్రాళ్లు కట్టుట మొదలగునవి చేయుచు, ఉప్పునీటి మరకలు నిలువకుండ ననుదినము నౌకనంతయు మంచినీటితో గడిగి తుడుతురు. లోపలి పని స్టూవార్డెసులది, వంటవారిది. పడకలు వేయుట, బట్టలు నుతికి యిస్త్రీచేయుట, వెండిపాత్రలు తోముట, బల్లపై బూవు లమర్చుట, ఎవరికేది గిట్టునో యేది గిట్టదో యెఱిగి వడ్డించుట వారి విధులు. అతిథులు రాకమునుపే తమ యభిరుచులను, తమకు బడని పదార్థములను వ్రాసి పంపుదురు. పెండ్లివారి విడిదిని సంబాళించిన యిల్లాలికి ఇందు గొత్త యేమియు నుండదు. పనివారి గదులు మాత్రము మిక్కిలి యిఱుకు. ఒకదానిపై నొకటిగా నున్న పడకలలో నిద్దఱేసి సర్దుకొనవలెను.

"డబ్బిచ్చి చదివించిన పిల్ల పరాయివారి పక్కలు పఱచుటకా?" యని పెద్దలు ఱెప్పలు చిట్లింతురు. మే మట్లు తలపము. ఈ పనులనే మనము ప్రతిదినము చేయుచున్నాము. ఇంట జేసినప్పుడు ధర్మమైనది, జీతమునకు జేసినప్పుడు హీన మెట్లగును? పని మర్యాదయైనదే. ఆ పని చేయువారికి మర్యాద దొరకునా, దొరకదా యనునదియే విచారింపవలసినది. దీనికి ప్రత్యుత్తరము పత్రములలో నున్నది.

సముద్రముపై బోవువారికి బత్రమే రక్ష యను సంగతి మన తెలుగుదేశమునకు గొత్తది కాదు. కాకతి గణపతిదేవుడు 1244-45 సంవత్సరమున మోటుపల్లి రేవునందొక యభయశాసనము వ్రాయించెను. అంతకు మున్ను, గాలివానకు బగిలి యొడ్డున బడిన యోడలలోని సరకును రాజులు స్వాధీనము చేసికొనెడివారు. ప్రాణముకంటె ధనము నెక్కువగా జూచుకొని కదా వర్తకులు సముద్రమున కెక్కుదురని దయదలచి, న్యాయమైన సుంకము మాత్రము గైకొని తక్కినదెల్ల వారికే విడిచిపెట్టుదునని యా ప్రభువు ఱాతిపై మాట యిచ్చెను. మాట నోటనుండక ఱాతి కెక్కినందుననే దూరదేశపు వర్తకులకు నమ్మకము కలిగెను.

నేటి నౌకాభృత్యులకు అట్టి శాసనము 2006 సంవత్సరమున జేసిన సముద్ర శ్రామికుల యంతర్జాతీయ యొడంబడిక. అది 2013 ఆగస్టు 20వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. భారతదేశము దానిని 2015 అక్టోబరు 9వ తేదీన నంగీకరించినది. దాని నియమములలో మన బిడ్డల కక్కఱకు వచ్చునవి కొన్ని చెప్పుదుము.

ఉద్యోగమున జేరకమునుపు సంతకముచేసిన యొప్పందపత్ర ముండవలెను. దానిని జదువుకొని, తెలిసినవారిని సంప్రదించుటకు వ్యవధి యీయవలెను. భోజనమునకును వసతికిని జీతమునుండి కోత గూడదు. నెలకు రెండున్నర దినముల వంతున జీతముతో గూడిన సెలవు కలదు. పని ముగిసినప్పుడు ఇంటికి జేర్చు వ్యయము నౌకాస్వామిది. అతడు జీతము లీయక నౌకను విడిచిపోయినయెడల, నాలుగు మాసముల జీతము వఱకును, ఇల్లు చేరు వ్యయమును లభించునట్లు ముందుగానే భీమా వంటి యేర్పాటుండవలెను. ఏ యిరువదినాలుగు గంటలలోనైనను పదిగంటలకు దక్కువగాక, ఏడుదినములలో డెబ్బదియేడు గంటలకు దక్కువగాక విశ్రాంతి నీయవలెను. ఆ గంటలను పుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను. ఈ నియమము చదివినప్పుడు మేము కొంతసేపు పత్రికను ప్రక్కనబెట్టి యాలోచించితిమి. అదే వంట, అదే వడ్డన, అదే బట్టల యుతుకు మన యిండ్లలో జరుగుచున్నవి. ఆ గంటల లెక్క యే పుస్తకమునందును వ్రాయబడుటలేదు.

ఇక నొక మెలిక. ఈ యొడంబడిక వ్యాపారమునకై తిరుగు నౌకలకు వర్తించును. యజమాని తన వినోదమునకు మాత్రమే యుంచుకొన్న సొంతనౌకకు వర్తింపదు. అద్దెకు బోవు యాటుపై బని యెక్కువ, అతిథుల తాకిడి యెక్కువ. అయినను చట్టపు నీడ దానిపైననే యున్నది. కావున "నౌక యద్దెకు బోవునదియా, సొంతమునకా? ఏ దేశపు జెండా క్రింద నమోదైనది?" యని మొట్టమొదటనే యడుగవలెను.

ఇప్పుడు రెండులక్షల ప్రశ్నకు వత్తము. ఉద్యోగ మిప్పించుటకై నావికునినుండి యెట్టి రుసుమును గైకొనరాదని ఆ యొడంబడికయే స్పష్టముగా జెప్పుచున్నది. వైద్యపరీక్షకు, నావికపుస్తకమునకు, పాస్‌పోర్టునకు నగు వ్యయము మాత్రము అభ్యర్థిది. వీసా వ్యయము సైతము నౌకాస్వామిదే. శిక్షణ రుసుము శిక్షణశాలకు గట్టవలసిన వేఱు సంగతి. మన దేశమున నావికులను గుదుర్చు సంస్థలు కేంద్రప్రభుత్వ నౌకాయానాధికారినుండి యనుమతిపత్రము పొందియుండవలెను. ఆ సంస్థల పట్టికను ముంబయియందలి యా కార్యాలయమువారు ప్రకటింతురు. మధ్యవర్తి పేరు అందులేనియెడల మాటలాడ బనిలేదు. ఆ తల్లికి మే మిదియే చెప్పితిమి. పట్టికలో నతని పేరు గానరాలేదు. రెండులక్షలును ఇంటనే నిలిచినవి. ఆ పిల్ల యిప్పుడు అనుమతిగల సంస్థల పేర్లు వ్రాసికొని, శిక్షణకు సిద్ధపడుచున్నది.

మఱియొక మోసము గలదు. ఐరోపావారి పిల్లలు ఆంటీబ్, పాల్మా రేవులకు బోయి, నౌకనుండి నౌకకు నడచుచు దినకూలి పని యడిగి, క్రమముగా నుద్యోగము సంపాదింతురు. ఆ కథలు విని మనవారును యాత్రికుల వీసాతో బయలుదేరుట కలదు. ఆ వీసా పనిచేయుటకు హక్కు నీయదు. పట్టుబడినయెడల మరల ఆ దేశముల ముఖము చూచుట దుర్లభమగును. మన బిడ్డ యొప్పందము చేతబట్టుకొనియే విమానమెక్కవలెను.

అర్హతలు కష్టసాధ్యములు గావు. నీటిలో బ్రాణము నిలుపుకొనుట, అగ్ని నార్పుట, ప్రథమచికిత్స, తన క్షేమమును తోడివారి క్షేమమును జూచుకొనుట యను నాలుగు విషయములలో బ్రాథమికశిక్షణ యందఱకు నావశ్యకము. 1978 నాటి యంతర్జాతీయ నిబంధనల ననుసరించి యీ శిక్షణ జరుగును. 2026 జనవరి 1వ తేదీనుండి, లైంగికవేధింపులను, బెదిరింపులను నివారించు పాఠమును ఇందు జేర్చిరి. అట్టి పాఠము కావలసివచ్చినదనగా ఆ బాధ యున్నదనియే యర్థము. దాచిపెట్టక పాఠ్యమున జేర్చుట మేలు. వైద్యపరీక్షలో నెగ్గవలెను. వంటవారికిని వడ్డించువారికిని ఆహారపరిశుభ్రతా పత్ర ముండుట మంచిది. అన్నింటికంటె ముందు ఈత నేర్వవలెను. హైదరాబాదు హుస్సేన్‌సాగరమున దెఱచాప పడవలు నడపుట నేర్పు సంస్థలున్నవి. అచట గొన్నాళ్లు నేర్చిన పిల్లకు నీటి భయము తీరును.

పక్కలు పఱచుటతో ప్రారంభించినవారు అచటనే యాగిపోవలెనని లేదు. ట్రేసీ ఎడ్వర్డ్స్ అను నాంగ్లేయ యువతి గ్రీసుదేశపు టద్దెనౌకలలో స్టూవార్డెసుగా జేరెను. 1985-86 సంవత్సరముల భూప్రదక్షిణ పందెమున బురుషుల నౌకలో వంటకత్తెగా వెళ్లెను. స్త్రీకి చుక్కాని యెవ్వరు నీయరని గ్రహించి, తన యిల్లు తాకట్టుపెట్టి యొక పాతనౌకను గొని, దానికి 'మెయిడెన్' అని పేరుపెట్టెను. అద్దెనౌకలో బనిచేయు దినములలో బరిచయమైన జోర్డను రాజు హుస్సేను ఆమెకు దోడ్పడెను. 1989-90 పందెమున బండ్రెండుగురు స్త్రీలతో నామె ప్రదక్షిణము పూర్తిచేసి, తన తరగతిలో రెండవ స్థానము గాంచెను. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట, 2024 ఏప్రిలులో, అదే నౌక కేవలము స్త్రీలతో భూప్రదక్షిణ పందెమునందు ప్రథమస్థానము గెలిచినది. ఆ స్త్రీలలో మన దేశపు పాయల్ గుప్తా యొకతె.

ఆ పాయల్ గుప్తా మన నావికాదళపు 'తారిణి' నౌకపై 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి బయలుదేరి, 2018 మే 21వ తేదీన భూమిని జుట్టివచ్చిన యాఱుగురు వనితలలో నొకతె. వర్తికా జోషి వారికి నాయకురాలు. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతియు, హైదరాబాదు బి. ఐశ్వర్యయు మన తెలుగు బిడ్డలు. వారు సైనికాధికారిణులు, అద్దెనౌకల యుద్యోగినులు గారు. అయినను ఆ యెనిమిది మాసములు వంటయు, తెఱచాపయు, చుక్కానియు వంతులవారీగా వారి చేతులలోనే యుండెను. వంటింటికిని చుక్కానికిని నడుమ గోడలేదని వారు చూపిరి.

బిడ్డను బంపదలచిన తల్లులు ఒక్క పని మఱవకుందురుగాక. ఒప్పందపత్రపు ప్రతి, నౌకపేరు, జెండాదేశము, యజమాని చిరునామా, కుదిర్చిన సంస్థ యనుమతి సంఖ్య, బిడ్డ పాస్‌పోర్టు నకలు ఒక కవరులో నుంచి తమ పెట్టెలో భద్రపఱచుకొనవలెను. నెలకొకసారి యైనను "జీతము ముట్టినదా? ఎన్నిగంటలు నిద్రించితివి?" యని యడుగవలెను. కుశలప్రశ్నలలో నీ రెండును జేర్చుకొన్నయెడల, సముద్రమవతల నున్నను బిడ్డ మన కనుచూపులోనే యుండును.