తూకపురాయి మార్చి చెప్పే తీర్పు

చదరంగపు పోటీలలో ఒక వింత న్యాయం వేళ్ళూనుకొన్నది. ఇద్దరు ఆటగాళ్ళు గంటల తరబడి ఆలోచించి, రోజుల తరబడి ఆడి, చివరకు సమానంగా నిలిస్తే "మీరిద్దరూ సమానులే" అనడానికి నిర్వాహకులకు నోరు రాదు. పదిహేను నిమిషాల ఆటలు పెడతారు. అక్కడా తేలకపోతే పది నిమిషాలవి, ఆపైన అయిదు నిమిషాలవి, ఆపైన మూడు నిమిషాలవి. ఎక్కడో ఒకచోట ఒకరి చేయి తడబడుతుంది. అప్పుడు గంట కొట్టి "ఇడుగో విజేత" అంటారు. కాటాలో ముల్లు సరిగ్గా నడుమ నిలిచిందని, ఉన్న రాళ్ళు తీసేసి గురిగింజలు పెట్టి మళ్ళీ తూచే వర్తకుణ్ణి మా వైపు సంతలలో ఎవరూ ఊరుకోరు. చదరంగంలో మాత్రం ఆ వర్తకుడికి చప్పట్లు కొడుతున్నాం.

ముందుగా ఒక మాట. క్లాసికల్ ఆటను ఇక్కడ నిదానపు ఆట అనీ, ర్యాపిడ్, బ్లిట్జ్ రెంటినీ కలిపి వేగపు ఆటలు అనీ వ్యవహరిస్తాను. టై బ్రేక్ అనే మాటకు సరియైన తెలుగు నాకు తట్టలేదు. "పీటముడి ఆట" అందామా అనుకున్నాను గాని, విప్పవలసిన ముడిని తెంపడమే అక్కడ జరిగే పని గనుక ఆ పేరు కూడా దానికి ఎక్కువే.

2025 జూలైలో జార్జియా దేశంలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్పు జరిగింది. చివరి పోరు మన కోనేరు హంపికీ, నాగపూరు అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్‌కీ మధ్య. నిదానపు ఆటలు రెండూ డ్రా. జూలై 28న వేగపు ఆటలు పెట్టారు. మొదటిది డ్రా, రెండవదానిలో గడియారం తరుముతూ ఉండగా హంపి తడబడింది, నల్ల పావులతో దివ్య గెలిచింది. అంతకుముందు క్వార్టర్ ఫైనల్లో ద్రోణవల్లి హారిక కూడా ఇదే దివ్య చేతిలో, ఇలాగే వేగపు ఆటలలోనే ఓడింది. దివ్య గెలుపుకు నేను వంక పెట్టడం లేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల, ఉన్న నియమాల ప్రకారం ఆడింది, గెలిచింది, ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టర్ అయింది. పైగా సెమీఫైనల్లో మాజీ ప్రపంచ విజేత టాన్ ఝోంగ్‌యీని నిదానపు ఆటలోనే ఓడించి వచ్చింది. నా తగవు ఆ అమ్మాయితో కాదు, నియమంతో.

"మనవాళ్ళు ఓడారు గనుక పంతులుకు కడుపుమంట" అని కొందరు మిత్రులు అనవచ్చు. అందుకే జమాఖర్చులు రెండూ చూపిస్తాను. అదే బటూమిలో సెమీఫైనల్లో హంపి చైనా క్రీడాకారిణి లే టింగ్‌జీని ఓడించింది కూడా వేగపు ఆటలలోనే. 2019 డిసెంబరులో మాస్కోలో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో హంపి, లే టింగ్‌జీ, ఎకతెరినా అతాలిక్ ముగ్గురూ 12 ఆటలకు 9 పాయింట్లతో సమానంగా నిలిచారు. ముగ్గురిలో ఇద్దరినే ఏరి బ్లిట్జ్ ఆడించారు. చెరొకటి గెలిచాక, ఆర్మగెడాన్ అనే ప్రళయపు ఆట పెట్టారు. దానిలో తెల్లవారికి సమయం ఎక్కువ. నల్లవారు డ్రా చేసుకొంటే చాలు, గెలిచినట్టే. హంపి నల్ల పావులతో డ్రా చేసి బంగారు పతకం తెచ్చింది. మనమంతా సంతోషించాం. మూడవ స్థానంలో నిలబెట్టిన అతాలిక్ గురించి మనలో ఎవరం మాట్లాడలేదు.

కాలం ఆ లెక్క సరిచేసింది. 2023లో సమర్ఖండులో హంపి, అనస్తాసియా బోద్నరుక్ సమానంగా నిలిస్తే బ్లిట్జ్ ఆటలలో పతకం బోద్నరుక్‌కు పోయింది. 2025 డిసెంబరులో దోహాలో హంపి, గొర్యాచ్‌కినా, ఝు జినర్ ముగ్గురూ 8.5 పాయింట్లతో సమానం. ఈసారి ఏరివేతలో మిగిలిపోయినది హంపి; ఆడే అవకాశమైనా లేకుండా కాంస్యం. ఆరేళ్ళ క్రితం అతాలిక్ కూర్చున్న కుర్చీలోనే మన హంపి కూర్చుంది. మాస్కోలో తీపిగా ఉన్న నియమం దోహాలో చేదైతే, మారినది నియమం కాదు, మనం కూర్చున్న చోటు మాత్రమే. మనకు అనుకూలించిన రోజున కూడా తప్పు అనగలిగినప్పుడే మన వాదానికి విలువ. కనుక చెబుతున్నాను: మాస్కోలో కూడా అది సరియైన తీర్పు కాదు.

ఇక అసలు వాదం.

నిదానపు ఆట, వేగపు ఆట ఒకటి కావు. ఈ మాట నాది కాదు, ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడేదే. మూడింటికి మూడు రేటింగులు, మూడు ప్రపంచ కిరీటాలు పెట్టినది వారే. బటూమి లెక్కే చూడండి. నిదానపు ఆటలో ఒక్కొక్కరికి మొదటి 40 ఎత్తులకు 90 నిమిషాలు, తరువాత 30 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల అదనం. 60 ఎత్తుల ఆట అనుకొంటే మొత్తం 150 నిమిషాలు. పదిహేను నిమిషాల ఆటలో ఎత్తుకు 10 సెకన్లు కలుపుకొంటే 25 నిమిషాలు. మూడు నిమిషాల ఆటలో ఎత్తుకు 2 సెకన్లు కలుపుకొంటే అయిదే నిమిషాలు. ఆరవ వంతు సమయంలో, ముప్పయ్యవ వంతు సమయంలో జరిగేది అదే ఆలోచన ఎలా అవుతుంది?

మన భాషలోనే ఇందుకు సాటి ఉన్నది. అష్టావధానంలో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేది. ఆశువు మరొక అంశం. ఆశువు గొప్ప విద్య, సందేహం లేదు. అయినా ఇద్దరు కవులు రెండు ప్రబంధాలు రాసి పండితుల ఎదుట సమానంగా నిలిస్తే, "సరే, ఇక చెరొక ఆశుపద్యం చెప్పండి, ముందు చెప్పినవాడి ప్రబంధమే గొప్పది" అనే సభాపతిని ఏమంటాం? ఆశువుకు వేరే సభ పెట్టు, వేరే శాలువా కప్పు, కాదనం. ప్రబంధానికి తీర్పు మాత్రం ప్రబంధంలోనే వెతకాలి.

"పోనీ, సమానమైన తరువాతే గదా వేగపు ఆట, ముందు జరిగినదానికి వచ్చిన నష్టమేమి?" అంటారు. నష్టమంతా అక్కడే ఉంది. వేగపు ఆట నిదానపు ఆట తరువాత వచ్చినా, దాని నీడ ముందుకు పడుతుంది. వేగంలో తానే మేటినని తెలిసినవాడికి నిదానపు ఆటలో డ్రా అంటే సగం గెలుపు. అతడు తెగించి ఆడవలసిన పని లేదు. రోజులు దొర్లించుకొంటే చాలు.

2016లో న్యూయార్కులో కార్ల్‌సన్, కర్యాకిన్‌ల ప్రపంచ కిరీటపు పోరులో చివరిదైన 12వ ఆట 30 ఎత్తులలో, అరగంట పైచిలుకులో డ్రాగా ముగిసింది. వేగపు ఆటలలో కార్ల్‌సన్ 3–1తో గెలిచాడు. 2018లో లండనులో కరువానాతో 12 ఆటలూ డ్రా. ఆ 12వ ఆటలో తన స్థితి మెరుగ్గా ఉండి, గడియారంలో కూడా సమయం ఎక్కువ ఉండి, 31వ ఎత్తు దగ్గర కార్ల్‌సన్ తానే డ్రా ఇవ్వజూపాడు. ఆ తరువాతి వేగపు ఆటలు 3–0. కాస్పరోవ్, క్రామ్నిక్ వంటి మాజీ విజేతలు విమర్శించారు. కార్ల్‌సన్‌ను తప్పు పట్టలేను. అతడు లెక్క తెలిసినవాడు, వచ్చిన తీర్పు అతడి లెక్క సరియైనదనే చెప్పింది. ప్రపంచ కిరీటం కోసం ఆడే ఆటలో ముందంజలో ఉన్నవాడికి ఆట ఆపడమే లాభమని చెప్పే నియమానిదే తప్పు.

పాతకాలంలో ఏం చేసేవారు? సమానమైతే కిరీటం ఉన్నవాడి తలమీదే ఉండేది. 1951లో, 1954లో బోత్వినిక్‌కు, 1987లో సెవిల్లెలో కాస్పరోవ్‌కు, 2004లో బ్రిస్సాగోలో క్రామ్నిక్‌కు అలాగే దక్కింది. ఆ పద్ధతి ఛాలెంజరుకు అన్యాయమని విమర్శ ఉండేది, నిజమే. కాని ఆ మొగ్గు బహిరంగం. ఎవరు ఏం చేయాలో మొదటి రోజునుంచి అందరికీ తెలుసు. సెవిల్లెలోనూ, బ్రిస్సాగోలోనూ విజేతలు ఒక పాయింటు వెనుకబడి చివరి ఆటకు కూర్చున్నారు. గెలిచి తీరాలి, గెలిచి సమం చేశారు. ఆ రెండు ఆటలను చదరంగ ప్రియులు నేటికీ చెప్పుకొంటారు. ఇప్పటి పద్ధతి కూడా ఒకరికి మొగ్గు ఇస్తూనే ఉంది. కాకపోతే కిరీటం ఉన్నవాడికి బదులు వేగం ఉన్నవాడికి, బాహాటంగా గాక దొంగచాటుగా ఇస్తోంది. 1983లో స్మిస్లోవ్, హ్యూబ్నర్ కాండిడేట్స్ పోరు అదనపు ఆటలతో కూడా తేలక రౌలెట్ చక్రం తిప్పి తేల్చారు. అది విని నవ్వుకొంటాం. ఆ చక్రమైనా ఇద్దరికీ ఒకే దూరంలో నిలిచింది గదా!

"నిదానపు ఆటలతో ఎప్పటికీ తేలదు" అన్నది రెండవ ఆక్షేపణ. 2024 డిసెంబరు 12న సింగపూరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబపు బిడ్డ దొమ్మరాజు గుకేశ్, డింగ్ లిరెన్ 6.5–6.5తో చివరిదైన 14వ ఆటకు కూర్చున్నారు. డ్రా అయితే మరునాడు వేగపు ఆటలే. గుకేశ్‌కు ఉన్నది ఒక్క బంటు ఎక్కువ. ఎవరు చూసినా డ్రా అనే స్థితి. ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు చేయి చాపలేదు, ఆడుతూ కూర్చున్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును చేయరాని గడిలో పెట్టాడు. అంతే, కిరీటం మారింది. నిదానపు ఆటకు తీర్పు చెప్పే శక్తి లేక కాదు, దానిని చెప్పనిచ్చే ఓపిక మనకు లేక వచ్చిన చిక్కు ఇది.

"వేగంగా ఆడలేనివాడు మేటి ఎలా అవుతాడు?" అన్నది మూడవది. మా వరంగల్లు కుర్రవాడు ఎరిగైసి అర్జున్‌ను చూడండి. 2025 నవంబరులో గోవా ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్లో వేగపు ఆటలలో వెయ్ యీ చేతిలో ఓడి ఇంటిదారి పట్టాడు. మరుసటి నెలలోనే దోహాలో ప్రపంచ ర్యాపిడ్‌లో కాంస్యం, బ్లిట్జ్‌లో కాంస్యం. అంటే వేగంలో ప్రపంచంలోనే మేటి అయినవాణ్ణి కూడా ఆ వేగపు ఆటలు నిలబెట్టలేదు. పదమూడు, పందొమ్మిది ఆటల టోర్నమెంటులో తేలే వేగపు నేర్పు వేరు. ఒక సాయంత్రం రెండు మూడు ఆటలలో వచ్చిపోయే తడబాటు వేరు. ఆ రెండవదానికి శక్తి అని పేరు పెట్టకండి.

నియమం అంత పవిత్రమూ కాదు. 2024 చివరి రోజున న్యూయార్కులో ప్రపంచ బ్లిట్జ్ చివరి పోరు కార్ల్‌సన్, నెపోమ్నియాషిల మధ్య 3.5–3.5 దాకా పోయి తేలకపోతే, వారిద్దరూ పంచుకొంటామన్నారు, ఫిడే సరేనన్నది. సమానులను సమానులనడం నాకు సమ్మతమే. కాని ఇద్దరు పెద్ద తారలు అడిగితే వంగిన నియమం, ఏడాది ముందు సమర్ఖండులో ఇద్దరు స్త్రీల కోసం వంగలేదు. వంగదలిస్తే అందరికీ రాతపూర్వకంగా వంగాలి.

విమర్శించి ఊరుకోవడం పంతులుకు తగదు. సవరించిన జవాబు కూడా రాయాలి. నా మనవి మూడు ముక్కలు.

ఒకటి: ప్రపంచ కిరీటపు పోరులో సమానమైతే మరి రెండు నిదానపు ఆటలు, అప్పటికీ తేలకపోతే ఇంకొక రెండు. నాలుగు రోజుల అద్దెకు, వసతికి జడిసేంత పేద పోటీ కాదది. సింగపూరులో బహుమతి సొమ్మే 25 లక్షల డాలర్లు.

రెండు: ప్రపంచ కప్పు వంటి వందమందికి పైగా ఆడే పోటీలలో రోజులు పెంచడం కష్టమే, ఒప్పుకొంటాను. అక్కడ వేగపు ఆటలను ముందే ఆడించండి. నిదానపు ఆటలు సమానమైతే వాటిలో గెలిచినవారిదే పైచేయి అని చెప్పండి. అప్పుడు ఒకరికి డ్రా చాలునని, రెండవవారు గెలిచి తీరాలని ఇద్దరికీ తెలిసే కూర్చుంటారు. వెనుకబడినవారు కత్తి దూయక తప్పదు. తీర్పు చెప్పే చివరి ఆట నిదానపు ఆటే అవుతుంది. మొగ్గు ఉంటుంది గాని దాగి ఉండదు.

మూడు: వేగపు పోటీలలో ముగ్గురు సమానమైతే ముగ్గురినీ ఆడించండి, లేదా పతకం ముగ్గురికీ ఇవ్వండి. ప్రత్యర్థుల పాయింట్లు కూడి ఒకరిని బయట కూర్చోబెట్టే లెక్కలు ఆటగాళ్ళ చేతిలో ఉన్నవి కావు.

ఇంత తాపత్రయం ఎందుకంటే, పై నుంచి వచ్చే నియమం కింద పాఠమవుతుంది. మా మాకవరపాలెంలో చదరంగం నేర్చుకోవాలని నా దగ్గరకు వచ్చే పిల్లలు ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న "మాస్టారూ, ఎన్ని నిమిషాల ఆట?" అని. ఫోనులో మూడు నిమిషాల ఆటలు రోజుకు ఇరవై ఆడతారు. ఓడిన ఒక్క ఆటను మళ్ళీ పేర్చి, ఎక్కడ పొరపడ్డామని చూసే పిల్లవాడు పదిమందిలో ఒకడు ఉంటే ఎక్కువ. ఆలోచించి చెప్పరా అంటే తెలివితక్కువవాడినన్నట్టు చూస్తారు. ముప్పయ్యేళ్ళకు పైగా తరగతిలో నేను చెప్పినది ఒక్కటే: ముందు చేయెత్తినవాడికే తెలుసుననుకోవద్దు. 2002లో, దివ్య పుట్టకముందే, పదిహేనేళ్ళకు గ్రాండ్‌మాస్టర్ అయిన హంపి ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, ఒక బిడ్డకు తల్లి అయి, నిదానపు ఆటలో ఈ తరానికి ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. ఆమె తగ్గినది సెకన్ల ముల్లుకు. ఆ తేడాను పిల్లలకు చెప్పలేకపోతే చదరంగం నేర్పడం దేనికి?

భిన్నాభిప్రాయం గల మిత్రులు వ్యాఖ్యలలో నిస్సంకోచంగా ఖండించండి. తీరికగా రాయండి. గడియారం పెట్టను.