రంగు చూసి గుచ్చాం, ఇంగ్లీషు చదివి కాదు



పాత వీడియో గేముల రంగులు చూసి ఈ మధ్య చాలామంది నవ్వుతున్నారు. ఎర్ర బటన్లు, పసుపు క్యాసెట్లు, చిన్నపిల్లల బొమ్మలా ఉందంట. మేం ఒప్పుకోం. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు నుంచి రాజమండ్రి హాస్టళ్లకి వచ్చిన మాలాంటోళ్లకి ఆ రంగులే మొదటి అక్షరాలు.

తీర్థంలో అమ్మే టీవీ గేమ్ గుర్తుందా? చాలావరకు అది నింటెండో వాళ్లు 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకలు. అసలుది తెలుపు, ముదురు ఎరుపు. 1985లో అమెరికా వెళ్లేసరికి అదే మిషన్ బూడిద రంగు పెట్టె అయిపోయింది. అప్పటికి అక్కడ గేముల వ్యాపారం పడిపోయి ఉంది, అందుకని బొమ్మలా కాకుండా వీసీఆర్‌లా కనబడాలనుకున్నారు. మన దాకా వచ్చిన నకళ్లకి ఆ గొడవే లేదు. పసుపు క్యాసెట్ మీద లక్షల గేములని రాసుండేది, పెడితే అవే నాలుగు తిరిగి తిరిగి వచ్చేవి!

దాన్ని టీవీకి కలపడం మనకి ఎవరు నేర్పారు? ఇంట్లో చదువుకున్నోళ్లు లేరు. టీవీ వెనక 'వీడియో ఇన్' అని ఉంటే ఎవరికి తెలుసు? పసుపు పిన్ను పసుపు కన్నంలో, తెల్లది తెల్లదాంట్లో. అంతే, బొమ్మ వచ్చేసేది. పసుపు బొమ్మకి, తెలుపు శబ్దానికి అని తర్వాత తెలిసింది. కాలేజీ ల్యాబ్‌లో పాత కంప్యూటర్ వెనకా అదే లెక్క: ఊదా కన్నం కీబోర్డుకి, ఆకుపచ్చది మౌస్‌కి. పక్కోళ్లు పేర్లు చదివేలోపు మేం గుచ్చేశాం.

అయితే రంగొక్కటే చాలదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు కూడా ఉంటాయి. 1994లో సోనీ ప్లేస్టేషన్ బటన్ల మీద తేయూ గోటో అనే డిజైనర్ ఆకుపచ్చ త్రిభుజం, ఎర్ర సున్నా, నీలం ఇంటూ, గులాబీ చతురస్రం పెట్టాడు. ఒక్క అక్షరం లేదు. రంగు అందకపోతే ఆకారం అందుతుంది. టోక్యో పిల్లాడైనా కొండరెడ్డి పిల్లాడైనా ఒకేలా చదువుతాడు. ఆ మిషన్లన్నిట్లో మాకు బాగా నచ్చిన పని ఇదే.

ఇప్పుడేమో అన్నీ నల్లటి పెట్టెలు, నలుపు మీద చీమతలంత ఇంగ్లీషు. అది చూడ్డానికి బాగుంటుందంటారు, ఎవరి కంటికో మరి. మోటారు స్టార్టరు మీద ఆకుపచ్చ నొక్కితే ఆన్, ఎర్రది నొక్కితే ఆఫ్ అని మన నాన్నలకి ఎవరూ చదివి చెప్పలేదు కదా. ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివే మనోళ్లు రేపు ఏ బోర్డు బిగించినా, ఏ మిషన్ తయారుచేసినా దాని మీద రంగూ ఆకారమూ రెండూ పెట్టండి. పేరు తర్వాత రాసుకోవచ్చు.

ఎవరింట్లోనైనా ఆ పాత టీవీ గేమ్ అటక మీద ఇంకా ఉంటే, పిన్నులు కనబడేలా ఫొటో తీసి కింద పెట్టండి.