ఇల్లూ వాకిలీ: రెగ్యులేటర్ బంద్ చేశారా?

కిందటి దసరాకు నాలుగు రోజులు నిజామాబాద్ వెళ్లి, రాత్రి నాందేడ్ చేరాం. తలుపు తీయగానే ఏదో కుళ్లిన కంపు. అలవాటుగా స్విచ్ మీదికి చెయ్యి పోయింది. మా ఆవిడ "ఆగండి, గ్యాసు!" అని నా చెయ్యి పట్టి లాగింది. చీకట్లోనే తలుపులు, కిటికీలు బార్లా తెరిచాం. స్టవ్ మీటలు బంద్ చేసే ఉన్నాయి. రెగ్యులేటర్ మాత్రం ఆన్‌లోనే ఉంది, ట్యూబు చివర సన్నగా పగిలింది. ఊరెళ్లేముందు అది చూడాల్సింది నేనే.

ఇక్కడ సిలిండర్‌ను 'టాకీ' అంటారు కదా. పక్కింటావిడ "టాకీ ఆలీ" అంటే మా అత్తగారు మొదట్లో ఏదో సినిమా వచ్చిందనుకున్నారు! ఆ టాకీ తలమీది వాల్వులో స్ప్రింగుతో ఒక పిన్ను ఉంటుంది. స్ప్రింగు దాన్ని ఎప్పుడూ పైకి నెట్టి దారి మూసి ఉంచుతుంది. రెగ్యులేటర్ బిగించి మీట తిప్పితేనే పిన్ను కిందికి దిగి గ్యాసు వస్తుంది. స్టవ్ ఒక్కటే బంద్ చేస్తే ట్యూబు నిండా గ్యాసు ఉన్నట్టే. తిజోరీ తెరిచిపెట్టి బ్యాంకు షట్టరు మాత్రం దించి ఇంటికి పోయినట్టన్నమాట.

ఈ గ్యాసు గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. దానికి సొంత వాసన లేదు. మనకు తెలియాలనే మెర్కాప్టాన్ కలుపుతారు. వాసన వస్తే ఏ స్విచ్ వేయకండి, తీయకండి. రెగ్యులేటర్ బంద్ చేసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

కొత్త టాకీ వచ్చినప్పుడు వాల్వు లోపల నల్ల రబ్బరు రింగు ఉందో లేదో తెచ్చినవాడి ముందే చూడండి. అది లేకపోతే, చిరిగితే బుస్సుమంటుంది. మూత పారేయకండి, వాల్వు కారితే బిగించడానికి అదే దిక్కు. మెడ దగ్గర రేకు మీద సి-27 అని ఉంటే 2027 సెప్టెంబరు లోపల మళ్లీ పరీక్ష చేయించాలని అర్థం. అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి చూడండి, బుడగలు వస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్లతో చూసే పెద్దలు ఇంకా ఉన్నారు, వద్దు. నారింజ రంగు సురక్షా ట్యూబును ఐదేళ్లకు మార్చాలి. రెగ్యులేటర్ మీట బిగుసుకుంటే నూనె వేసి తిప్పకండి, ఏజెన్సీలో మార్పించండి.

ఇప్పుడు రాత్రి నేను బంద్ చేసి వచ్చాక మా ఆవిడ మళ్లీ వెళ్లి చూసి వస్తుంది. బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇతరుల వోచర్లు పాస్ చేసినవాణ్ణి, ఇంట్లో నా వోచరు ఆవిడ పాస్ చేస్తోంది.